దొంగ కాటా ఎవరిని ముంచుతుంది?

నీతి తప్పినవాడి గతేమిటని అడిగితే బైబిలులోని సామెతల గ్రంథం నరకం కన్నా ముందు బజారును చూపిస్తుంది. రెండు రకాల తూకపు రాళ్లు దాచుకున్న వర్తకుడు అందులో ఉన్నాడు. సరుకు బాగాలేదని పెదవి విరిచి, చవగ్గా కొనుక్కుపోయి గొప్పలు చెప్పుకునేవాడూ ఉన్నాడు. మోసపు కూడు తినేటప్పుడు తియ్యగానే ఉంటుందనీ, తర్వాతే నోరంతా రాళ్లవుతుందనీ ఆ గ్రంథం దాచకుండా ఒప్పుకుంటుంది. చింతపండు, మిర్చి, పట్టుగూళ్లు తూకానికొచ్చే హిందూపురంలో ఈ మాటలు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో ఆ గ్రంథం చెప్పేది పైనుంచి పడే పిడుగు గురించి కాదు, నమ్మకం లోలోపల కుళ్లిపోవడం గురించి.

పట్టుచీరలు నేసే ధర్మవరం చూడండి. అంచు పట్టుచీరల్లాంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. అయినా మరమగ్గం చీరను చేనేత పేరుతో అమ్మేస్తున్నారని నేతన్నలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కొనేవారికి తేడా తెలియదు. ఒకసారి మోసపోయినవారు తర్వాత ప్రతి చీరనూ అనుమానిస్తారు, అసలు చీరకూ నకిలీ ధరే ఇస్తామంటారు. అప్పుడు దెబ్బ తగిలేది మోసగాడికి కాదు, రోజుల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చున్నవాడికి. సరుకు నాణ్యత అమ్మేవాడికే తెలిసినచోట మంచి సరుకు బజారు నుంచి తప్పుకుంటుందని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో వివరించి, 2001లో నోబెల్ అందుకున్నారు. నమ్మకం కుళ్లేది చీరల బజారులోనే కాదు. పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారం నుంచి అయిదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని, ఇది లోపలివారి పనేనని 2025లో పోలీసులు అన్నారు. దోషులెవరో తేల్చాల్సింది కోర్టు. కానీ అలాంటిచోట నిజాయతీగా పనిచేసే కార్మికుడు కూడా అనుమానపు చూపుల మధ్యే గేటు దాటాలి.

మరి మోసగాళ్లు మేడలు కడుతున్నారే అంటారు. నిజమే. ఆ మాట బైబిలే అంటుంది: 73వ కీర్తన దుష్టుల సుఖం చూసి కుమిలిపోతుంది, ప్రసంగి కూడా అదే వాపోతాడు. అంతకన్నా ప్రమాదకరమైనది దీనికి తిరగేసిన వాదన, కష్టాల్లో ఉన్నవాడు ఏదో పాపం చేసే ఉంటాడనడం. కష్టాలపాలైన యోబుతో అతని స్నేహితులు అలాగే అన్నారు, చివరికి దేవుడు వాళ్లనే తప్పుబట్టాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారి కన్నా పాపులు కారని యేసు తేల్చిచెప్పాడు. కాబట్టి అనంతపురం సీమ కరువునూ, అప్పుల పాలై ప్రాణం తీసుకున్న నేతన్న కుటుంబ దుఃఖాన్నీ పాపఫలమనే నోటికి బైబిలు ఆధారం లేదు. అలా అనడం క్రూరత్వం.

ఆకలిదొంగ మాటేమిటి? అతణ్ని ఎవరూ చులకన చేయరని సామెతల గ్రంథమే అంటుంది, దొరికితే మాత్రం ఏడంతలు చెల్లించక తప్పదంటుంది. పేదవాడి సేద్యంలో పండిన పంటను అన్యాయం ఊడ్చుకుపోతుందని కూడా అక్కడే ఉంది. అందుకే కూలి చాలక నాసిరకం జరీ వాడిన నేతగాణ్నీ, నకిలీ చీరలు గుట్టలుగా అమ్మే వ్యాపారినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. లేవీయకాండం సరైన తూకాన్ని మనస్సాక్షికి వదిలేయకుండా ఆజ్ఞగా రాసింది. చీరల విషయంలో మనకూ అలాంటి గుర్తులున్నాయి. సిల్క్ మార్క్ పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది, మగ్గం సంగతి చెప్పదు. చేతినేత అని తెలియాలంటే చీర కొనేటప్పుడు హ్యాండ్లూమ్ మార్క్ కూడా అడగాలి.