వంత పాడితేనే వంతు!

సినిమాలో భజన సీను ఎంత సులువో! కథానాయకుడు తంబుర మీద చెయ్యి వేస్తాడు, కళ్ళు మూస్తాడు, గొంతు విప్పుతాడు. అంతే! ఊరు ఊరంతా ఒక్క తప్పు లేకుండా వంత అందుకుంటుంది. ఎక్కణ్ణించి వచ్చాయో తెలీదు, వయొలిన్లు గుంపుగా మోగుతాయి. ‘పాండురంగ మహాత్మ్యం’ (1957)లో ఎన్.టి.ఆర్.ని చూసినా, ‘భక్త తుకారాం’ (1973)లో అక్కినేనిని చూసినా మనకి కలిగే భ్రమ ఒక్కటే. భక్తి ఉంటే చాలు, భజన దానంతటదే కుదిరిపోతుందని!

కుదరదు గాక కుదరదు. సినిమా వెనక మ్యూజిక్ డైరెక్టరున్నాడు, రిహార్సల్సున్నాయి, తప్పయితే మరో టేకు ఉంది. గుళ్ళో భజనకి ఇవేవీ లేవు. రిహార్సలూ అదే, రిలీజూ అదే! అయినా కుదురుతోందంటే దానికి కారణం భక్తి ఒక్కటే కాదు. ఎక్కడా రాసి పెట్టని కొన్ని మర్యాదలు. అవేమిటో తెలుసుకుంటే, రేపు మీరూ ఆ చాప మీద ఓ మూల చోటు సంపాదించుకోవచ్చు.

బోయిన్‌పల్లినే తీసుకుందాం. సికింద్రాబాద్ కంటోన్మెంటుని ఆనుకుని, నాగపూర్ రోడ్డు పక్కన, కూరగాయల మార్కెట్టు లారీల మోతతో తెల్లవారే పేట అది. ఒకప్పటి పెంకుటిళ్ళ చోట అపార్టుమెంట్లు లేచాయి. ఇలాంటి పేటలో శనివారం సాయంత్రమో, ధనుర్మాసం తెల్లవారుజామునో ఓ పదిమంది గుడి మంటపంలో గుండ్రంగా కూర్చుని పాడుకోవడమంటే చిన్న విషయం కాదు. ఆఫీసు నుంచి వచ్చేవాడొకడు, దుకాణం కట్టేసి వచ్చేవాడొకడు. ఎవరూ టిక్కెట్టు కొనలేదు, ఎవరికీ పారితోషికం లేదు. మరి వీళ్ళని కలిపి ఉంచేదేమిటి?

అదే మర్యాద!

ఎవరి చేతికి ఏ వాద్యం?

కొత్తగా వెళ్ళిన కుర్రాడి కన్ను మొదట డోలక్ మీద పడుతుంది. సహజం! సినిమాలో హీరో పక్కన అదే కదా హుషారుగా మోగేది! కానీ భజనలో డోలక్ ఒక్కటే ఉండాలి. రెండుంటే ఒకతను ఒక నడక వాయిస్తాడు, రెండో అతను ఇంకో ముక్తాయింపు వేస్తాడు. మధ్యలో పాడేవాడు నలిగిపోతాడు.

హార్మోనియం సంగతి ఇంకా కచ్చితం. దాని శ్రుతి లోపలి ఇత్తడి రీడ్లలో బిగిసి ఉంటుంది. రిపేరు చేసేవాడు రీడ్లు గీకి సరిచేస్తే తప్ప అప్పటికప్పుడు తీగ సవరించినట్టు సవరించలేం. వేర్వేరు పెట్టెలు రెండు పక్కపక్కన పెడితే వెంట్రుకవాసి తేడా ఉన్నా చెవికి తెలిసిపోతుంది. పైగా హార్మోనియం అతను పాట నడిపించేవాడు కాడు, పాట వెనక నడిచేవాడు. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో ఎత్తుకుంటారు. ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరలో ఎత్తుకుంటారు. ఎవరు గొంతు విప్పితే వాళ్ళ శ్రుతి పట్టుకోవడం అతని పని. నా మెట్లకి నువ్వు దిగిరా అంటే అది భజన కాదు, పరీక్ష!

మరి కొత్తవాడికి ఏం మిగిలింది? తాళాలు, చిడతలు! చిన్నచూపు చూడకండి. అసలు కష్టం అక్కడే ఉంది. తాళాలు ఎంతమందైనా వేయొచ్చు, అందరూ ఒక్క దెబ్బ మీద ఉంటేనే. పాడేవాడు చరణం చెబుతున్నప్పుడు తాళాలు సన్నగా, మూసి వేయాలి. వంత మొదలయ్యాక విప్పి మోగించాలి. ఈ తేడా తెలిసినవాణ్ణి చూసి పెద్దవాళ్ళే పిలుస్తారు, ‘నాయనా, కాస్త ముందుకు జరిగి కూర్చో’ అని. డోలక్ దగ్గరికి దారి అక్కణ్ణించే!

ఏకాహమో సప్తాహమో జరిగేటప్పుడు ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. రాత్రీ పగలూ భజన ఆగకూడదు. అలసిపోయిన వ్యక్తి తాళాలు కింద పెట్టి లేచిపోతే తాళం తెగుతుంది. అందుకే అతని పక్కన కూర్చున్న మనిషి ముందు తన తాళాలు కలుపుతాడు, ఇద్దరివీ ఒకటయ్యాక మొదటివాడు లేస్తాడు. కళ్ళు మూసుకుని వింటే మనిషి మారినట్టు తెలియనే తెలియదు. మన సినిమా ఎడిటర్లు కూడా మెచ్చుకోవలసిన జాయింటు!

చెయ్యకూడనివి

వాద్యం ఎవరిదైనా అడగకుండా ముట్టకూడదు. కాలితో దాటకూడదు. ఒక పాట అయ్యాక రెండో పాట వెంటనే తనే ఎత్తుకోకూడదు. పాటకీ పాటకీ మధ్య డోలక్ మీద వేళ్ళ విన్యాసాలు చూపించకూడదు. పాడేవాడు చరణం మరిచిపోతే నవ్వకూడదు, పల్లవి అందించాలి. ఇక అన్నింటికంటే పెద్ద తప్పు ఏమిటో తెలుసా? సంగీతం క్లాసులో కష్టపడి నేర్చుకున్న కీర్తనంతా సంగతులతో సహా అక్కడ వప్పగించడం! వంత పాడేవాళ్ళకి నోరు మెదిపే సందు దొరకదు. అది కచేరీ అవుతుంది, భజన కాదు. నాలుగు మాటల పల్లవైనా సరే, పదిమంది నోట పలికితేనే అక్కడ దానికి విలువ.

అన్నట్టు, మన సినిమా పాటలకి కూడా అక్కడ చోటుంది సుమండీ! దేవుడి మీద కొత్త మాటలు కట్టి, హిట్టయిన సినిమా వరసలో పాడుకోవడం మన భజనల్లో పాత అలవాటే. భజన పాటల పుస్తకాల్లో పాట పైన ‘ఫలానా పాట వరస’ అని అచ్చువేసేవారు. పెద్దలు కొందరు ముక్కు విరిచినా వంత మాత్రం మానరు. కారణం ఒక్కటే. ఆ వరస అందరికీ ముందే వచ్చు!

సముద్రం అవతల మనవాళ్ళు

ఇదంతా మన గుడి మంటపానికే పరిమితం అనుకుంటున్నారేమో! ‘టైటానిక్’ (1997) చూశారు కదా? ఓడ అడుగున మూడో తరగతి ప్రయాణికులు చిందులేసే ఘట్టం గుర్తు చేసుకోండి. అక్కడ వాయించింది గేలిక్ స్టార్మ్ అనే బృందం. ఆ సంగీతం ఐర్లండు దేశపు జానపద సంగీతం. ఆ దేశంలో ఇలా పదిమంది గుండ్రంగా చేరి వాయించుకోవడాన్ని ‘సెషన్’ అంటారు. మనకి గుడి మంటపం, వాళ్ళకి పబ్బులో ఓ మూల బల్ల!

ఈ పబ్ సెషన్ మరీ ప్రాచీనమైందేం కాదు. పూర్వం అక్కడి పల్లెల్లో ఇళ్ళల్లోనే డాన్సుల కోసం వాయించేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, మన పాలమూరు కూలీలు బొంబాయి వెళ్ళినట్టు, ఐరిష్ వాళ్ళు పని కోసం లండన్ చేరారు. అద్దె గదుల్లో వాయించుకునే చోటేది? అందుకని పబ్బుల్లో చేరారు. ఆ అలవాటు తర్వాత ఐర్లండులోనూ పాకింది. 1951లో కోల్తస్ అనే సంస్థ పుట్టి ఊరూరా ఈ సంగీతానికి ఊపునిచ్చింది.

వాళ్ళ మర్యాదలు వింటే మీకు నవ్వొస్తుంది, అచ్చం మనవే! అడిగి కూర్చోవాలి. వరస తెలియకపోతే వాద్యం ఒళ్ళో పెట్టుకుని వినాలి. ఫిడేలు, ఫ్లూటు, విజిలు, కాన్సర్టీనా ఎన్నున్నా ఫరవాలేదు, ఎందుకంటే అందరూ వాయించేది ఒకే వరస. గిటారు మాత్రం ఒక్కటే ముద్దు. ఇద్దరు గిటారిస్టులు చెరో రకం కార్డ్సు పట్టుకుంటే పాట రెండు ముక్కలవుతుంది. ఇక బౌరాన్ అని మేకతోలు బిగించిన చేతి డప్పు ఒకటుంది. చూడటానికి సులువు, అందుకే కొత్తవాళ్ళంతా దాని మీదే పడతారు. ‘బౌరాన్‌ని వాయించడానికి అన్నింటికంటే మంచి సాధనం చాకు’ అని వాళ్ళలో ఓ పాత జోకు! మన డోలక్ కష్టాలకి తోబుట్టువు లాంటిది కదూ?

వాళ్ళ ‘జిగ్’ నడక మన తకిట తకిటకి దగ్గర. ‘రీల్’ మన తకధిమికి చుట్టం. వాళ్ళ కాన్సర్టీనా, అకార్డియన్లూ మన హార్మోనియమూ ఒకే వంశం. గాలి తగిలితే కంపించే రీడే అన్నింటికీ ప్రాణం.

ఇంతకీ ఐర్లండుకీ మనకీ పాట దగ్గర పాత బంధుత్వమే ఉంది. 1919లో మదనపల్లె కాలేజీకి రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ‘జనగణమన’ పాడి వినిపించారు. అప్పుడు ఆ వరసకి స్వరలిపి కట్టినావిడ మార్గరెట్ కజిన్స్. ఐర్లండులో పుట్టి, డబ్లిన్‌లో సంగీతం చదివి, భర్తతో మదనపల్లె చేరిన మహిళ!

హార్మోనియానికి బహిష్కారం

అదే ఠాగూర్‌కి హార్మోనియమంటే గిట్టేది కాదు. మెట్ల మధ్య సందుల్లో ఉండే మన గమకాలు ఆ పెట్టెలో పలకవన్నది ఆ వాద్యం మీద ఉన్న అభియోగం. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. ముప్ఫయ్యేళ్ళకి పైగా రేడియో స్టేషను గుమ్మం బయట నిలబడ్డ వాద్యం అది!

అయితే ఆ ముప్ఫయ్యేళ్ళూ హార్మోనియం ఏమైపోయింది? ఏమీ కాలేదు! సురభి నాటకాల్లో మోగింది. పద్యనాటకాల్లో రాగానికి ఊపిరి పోసింది. మన భజన గుళ్ళల్లో నిక్షేపంగా ఉంది. శాస్త్రం ప్రకారం అభ్యంతరం నిజమే కావొచ్చు. కానీ మైకు లేని చోట పదిమంది గొంతుల్నీ ఒక శ్రుతి మీద నిలబెట్టగల పెట్టె అది. ఏ వాద్యం గొప్పదీ అన్న ప్రశ్న రేడియోకి. ఏ వాద్యం పక్కవాడికి ఆసరా ఇస్తుందీ అన్నది భజనకి!

మర్యాద పేరుతో తలుపు మూస్తే?

ఇక్కడో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. మర్యాద అనే మాటని అడ్డం పెట్టుకుని మనుషుల్ని బయట నిలబెట్టడం కూడా జరిగింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన సంగతే చూడండి. ఆయన పాడింది తెలుగులో, అందరూ పాడుకోవడానికి. కానీ 1920లలో అక్కడ ఆడవాళ్ళకి పాడే అవకాశం లేదు. బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత సొమ్ము ఖర్చుపెట్టి స్వామి సమాధికి గుడి కట్టించారు. కట్టించిన గుడి ముందే ఆవిడకి పాడే వంతు లేదన్నారు! ఆవిడ తగ్గలేదు. ఆడవాళ్ళతో వేరే ఆరాధన మొదలుపెట్టారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటయ్యాక గానీ ఆడా మగా ఒక్కచోట చేరలేదు. పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడే గోష్ఠిగానం ఇవాళ మన హైదరాబాదులోనూ వింటున్నామంటే దాని వెనక ఈ కథ ఉంది.

కాబట్టి ఏది మర్యాద, ఏది కాదు అని తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఈ నియమం పక్కవాడి పాట వినిపించడానికి పెట్టిందా, పక్కవాణ్ణి వినపడకుండా చెయ్యడానికి పెట్టిందా? ‘ఒక్క డోలకే ఉండాలి’ మొదటి రకం. ‘నీ కులం వాళ్ళు వెనక కూర్చోండి, ఆడవాళ్ళు ఊరికే వినండి’ రెండో రకం. మొదటిది నేర్చుకోవాలి, రెండోదాన్ని దులిపేసుకోవాలి.

ఇప్పటి విలన్ ఎవరు?

ఇవాళ ఆ రెండో రకం పని చేస్తున్నవాడు ఇంకొకడున్నాడు. వాడి పేరు మైకు! ఒక్కరి చేతికి మైకు, పక్కన కీబోర్డు, రిథమ్ ప్యాడు, గుడి గోపురానికి రెండు స్పీకర్లు. ఇంకేముంది? వంత పాడే గొంతులు ఎవరికీ వినపడవు. వినపడని గొంతు వారం తర్వాత రావడం మానేస్తుంది. మిగిలేది ఒక ఆర్కెస్ట్రా, ఎదురుగా ఫోన్లు చూసుకునే శ్రోతలు.

పైగా చట్టం సంగతి కూడా ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడుస్పీకరు మోగించడానికి వీల్లేదు. బోయిన్‌పల్లిలాంటి ఇరుకు పేటలో గుడి పక్క ఫ్లాట్‌లో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడుంటాడు, పరీక్షకి చదివే పిల్ల ఉంటుంది. ధనుర్మాసం భజన మీద ఫిర్యాదు వచ్చిందంటే అది సాధారణంగా పాట మీద కాదు, స్పీకరు మీద! తాళాలూ డోలకూ హార్మోనియమూ నాలుగు గోడల మధ్య హాయిగా సరిపోయే వాద్యాలు. స్పీకరు తీసేస్తే పొరుగువాడి నిద్రా దక్కుతుంది, వంత గొంతుకి విలువా దక్కుతుంది.

అదండీ సంగతి! మీకు గిటారు వచ్చా? కీబోర్డు వచ్చా? మంచిదే. వద్దనేవాళ్ళం మనమెవరం? అయితే మొదటి వారం అవి ఇంట్లో వదిలి, చేతులూపుకుంటూ వెళ్ళండి. వంత పాడండి. రెండో వారం తాళాలు అడగండి. మూడో వారానికి ఎవరో ఒకరు మీ వైపు తిరిగి, ‘ఏదీ, నువ్వో పాట ఎత్తుకో’ అనకపోతే అప్పుడు మాకు ఉత్తరం రాయండి!