రంగస్థల పద్యగానం

రంగస్థల పద్యగానం అనగా తెలుగు పౌరాణిక, చారిత్రక నాటకాలలోని పద్యాలను నటులు రాగయుక్తంగా పాడే పద్ధతి. ఇది శాస్త్రీయ సంగీత కచేరీకి గాని, సినిమా పాటకు గాని చెందని ప్రత్యేకమైన గానరీతి. 19వ శతాబ్దం చివరి భాగంలో రూపుదిద్దుకొని, 20వ శతాబ్దపు పూర్వార్ధంలో ఆంధ్ర ప్రాంతమంతటా జనాదరణ పొందింది. తరువాతి కాలంలో సినిమా, రేడియో, టెలివిజన్ల రాకతో తెల్లవార్లూ ఆడే నాటకాలు తగ్గిపోయినా, పద్యాన్ని వినే అభిరుచి మాత్రం తగ్గిపోలేదు. గుంటూరు జిల్లాలోని పొన్నూరు, దాని పరిసర గ్రామాలు ఈ సంప్రదాయానికి పలువురు ప్రముఖ కళాకారులను, కవులను అందించాయి. ఒక సంగీతరీతి తాను పుట్టిన వేదికను కోల్పోయిన తరువాత కూడా శ్రోతలను ఎలా నిలుపుకోగలదో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

పద్యగాన స్వరూపం

నాటకాలలో ఎక్కువగా వాడే పద్యాలు ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం వంటి వృత్తాలు. కందం, సీసం, తేటగీతి, ఆటవెలది వంటి జాతి, ఉపజాతి పద్యాలు. వృత్తానికి నాలుగు పాదాలు ఉంటాయి. ఉత్పలమాలలో పాదానికి 20, చంపకమాలలో 21, శార్దూలంలో 19, మత్తేభంలో 20 అక్షరాలు ఉంటాయి. పాదం మధ్యలో యతి, ప్రతి పాదంలో రెండవ అక్షరానికి ప్రాస నియమం పాటించబడతాయి.

పాటకు వలె పద్యానికి తాళం ఉండదు. నటుడు పాదాలను ముందుగా స్పష్టంగా, మాట విరుపుతో పలికి, సాధారణంగా చివరి పాదం వద్ద లేదా పద్యం ముగిసిన చోట రాగాన్ని విస్తరిస్తాడు. దీనినే వాడుకలో "రాగం తీయడం" అంటారు. హార్మోనియం వాద్యకారుడు శ్రుతిని అందిస్తూ, నటుడు వెళ్ళిన దారిలోనే వెంట నడవాలి. నటుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ పైస్థాయికి వెళతాడో ముందుగా నిర్ణయమై ఉండదు కాబట్టి హార్మోనిస్టు నైపుణ్యం పద్యం రక్తి కట్టడానికి చాలా ముఖ్యం. మైకులు లేని రోజులలో పందిరి చివర కూర్చున్న ప్రేక్షకునికి కూడా వినిపించవలసి వచ్చినందున హెచ్చు శ్రుతిలో, బిగువైన గొంతుతో పాడటం అలవాటయింది. మైకులు వచ్చిన తరువాత కూడా ఆ గాత్రధర్మం మారలేదు. మోహన, కల్యాణి వంటి కర్ణాటక రాగాలతో పాటు సింధుభైరవి, బేహాగ్ వంటి హిందుస్తానీ ఛాయలు కూడా ఇందులో వినిపిస్తాయి.

పుట్టుక, వికాసం

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వారు కోస్తా పట్టణాలలో ఇచ్చిన ప్రదర్శనలు తెలుగువారిలో నాటకాలపై ఆసక్తిని పెంచాయి. అదే కాలంలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తెలుగు నాటక ప్రదర్శనలకు నాంది పలికాడు. బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన నాటకాలలో పద్యాలకు, పాటలకు ప్రాధాన్యమిచ్చాడు. తరువాత తిరుపతి వేంకట కవులు రచించిన భారత నాటకాలు, ముఖ్యంగా "పాండవోద్యోగం", "పాండవ విజయం", పద్యనాటకానికి ఊరూరా స్థిరమైన స్థానం కల్పించాయి. శ్రీకృష్ణుడు కౌరవసభకు వెళ్ళే రాయబార ఘట్టం విడిగా కూడా ప్రదర్శించబడుతున్నది.

బాపట్ల ప్రాంతంలోని ఇటికంపాడులో 1881లో జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన హరిశ్చంద్ర నాటకం ఇంతటి ప్రాచుర్యాన్నే పొందింది. ఈ నాటకంలోని "కాటి సీను" ప్రత్యేకంగా పేరుపొందినది. ఈ ఘట్టంలో నటులు గుర్రం జాషువా రచించిన శ్మశాన పద్యాలను కూడా చేర్చి పాడటం ఆచారమైంది. ఒక కవి వ్రాసిన నాటకంలో మరొక కవి పద్యాలు చేరి, విడదీయరానంతగా కలిసిపోవడం ఈ సంప్రదాయంలోని స్వేచ్ఛను తెలుపుతుంది. జాషువా దళిత కుటుంబంలో జన్మించి కులవివక్షను ఎదుర్కొన్న కవి. ఆయన పద్యాలు అన్ని కులాల ప్రేక్షకులు కూర్చున్న పందిళ్ళలో "వన్స్ మోర్" కేకల మధ్య మళ్ళీ మళ్ళీ పాడబడ్డాయి.

పొన్నూరు పరిసరాలు

పొన్నూరు, దానికి ఆనుకొని ఉన్న నిడుబ్రోలు, చుట్టుపక్కల పల్లెలు వ్యవసాయ ప్రాంతాలు. పంట చేతికి వచ్చిన తరువాత వచ్చే తిరునాళ్ళు, శివరాత్రి, శ్రీరామనవమి పందిళ్ళలో నాటకాలు ఆడించడం కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో ఆనవాయితీగా ఉండేది. ఈ పరిసరాలలో జన్మించి పద్యగానంతో సంబంధమున్న ప్రముఖులు వీరు.

మాధవపెద్ది వెంకట్రామయ్య: పొన్నూరు మండలంలోని బ్రాహ్మణకోడూరుకు చెందిన రంగస్థల నటుడు. దుర్యోధన పాత్రకు ప్రసిద్ధి.

మాధవపెద్ది సత్యం (1922-2000): ఇతను కూడా బ్రాహ్మణకోడూరులోనే జన్మించాడు. రంగస్థలం నుండి సినిమాలకు వెళ్ళి నేపథ్య గాయకుడైనాడు. "మాయాబజార్" (1957)లో ఎస్.వి.రంగారావు ధరించిన ఘటోత్కచ పాత్రకు పాడిన భోజనపు పాట నేటి పిల్లలకు కూడా తెలుసు. గంభీరమైన ప్రతినాయక పాత్రల పద్యాలకు ఈయన గొంతు బాగా అమరింది.

ఈలపాట రఘురామయ్య (1901-1975): అసలు పేరు కల్యాణం వెంకట సుబ్బయ్య. చేబ్రోలు మండలంలోని సుద్దపల్లిలో జన్మించాడు. శ్రీకృష్ణ పాత్రకు పేరుపొందాడు. నోటిలో వేలు ఉంచి ఈలతో రాగాలు పలికించడం వలన ఆ పేరు వచ్చింది.

స్థానం నరసింహారావు (1902-1971): బాపట్లలో జన్మించాడు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి వంటి స్త్రీ పాత్రల పోషణకు ప్రసిద్ధుడు. 1956లో పద్మశ్రీ పురస్కారం పొందాడు. "శ్రీకృష్ణ తులాభారం" నాటకంలో సత్యభామగా ఈయన పాడిన పాట 1966లో వచ్చిన అదే పేరుగల సినిమాలో పి.సుశీల గళంలో మళ్ళీ జనంలోకి వెళ్ళింది.

జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912-1992): "కరుణశ్రీ"గా ప్రసిద్ధుడు. కాకుమాను మండలంలోని కొమ్మూరులో జన్మించాడు. ఈయన నాటకకర్తగా కాక ఖండకావ్య కవిగా పేరుపొందినా, ఈయన "పుష్పవిలాపం", "కుంతీకుమారి" పద్యాలను ఘంటసాల వెంకటేశ్వరరావు గానం చేయడంతో, నాటకం లేకుండానే పద్యం వినే అలవాటు ఇంటింటికీ చేరింది.

మాధ్యమాలు మారిన తీరు

పద్యం తన స్థానాన్ని నిలుపుకోవడానికి ప్రధాన కారణం దాని పరిమాణం. నాలుగు పాదాల వృత్తం దానికదే పూర్తి అయిన ఒక భాగం. రాగంతో కలిపి పాడితే కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోను రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాల గానం మాత్రమే పట్టేది. రాత్రంతా సాగే నాటకం అందులో పట్టదు గాని, పద్యం సరిగ్గా సరిపోయింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల రికార్డులు ఈ విధంగానే ప్రజాదరణ పొందాయి. నాటకం చూడని ఊళ్ళకు కూడా పద్యం చేరింది.

1932లో విడుదలైన "భక్త ప్రహ్లాద"తో తెలుగు టాకీ యుగం ప్రారంభమైనపుడు తొలి నటీనటులలో అధికులు రంగస్థలం నుండి వచ్చినవారే. వారితో పాటు పద్యం కూడా సినిమాలోకి ప్రవేశించింది. తరువాత నేపథ్యగానం స్థిరపడిన కాలంలో ఘంటసాల రాగవిస్తారాన్ని తగ్గించి, పదాల అర్థానికి, భావానికి ప్రాధాన్యమిచ్చి పాడాడు. మైక్రోఫోను ముందు గొంతు చించుకోవలసిన అవసరం లేకపోవడం ఇందుకు తోడ్పడింది. "శ్రీకృష్ణావతారం" (1967), "దానవీరశూరకర్ణ" (1977) వంటి చిత్రాలలో తిరుపతి వేంకట కవుల పద్యాలు వినిపిస్తాయి.

1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం పద్యనాటకాలను శ్రవ్యరూపంలో ప్రసారం చేసింది. 1980, 90 దశకాలలో క్యాసెట్లు, తరువాత సీడీలు, నేడు సెల్‌ఫోనులోని వీడియోలు అదే పనిని కొనసాగిస్తున్నాయి. ప్రతి దశలోను పద్యం వెంట వచ్చినది కొంత, వెనుక మిగిలిపోయినది కొంత. పాత్రల మధ్య వాదప్రతివాదాలు, కథాక్రమం వెనుకబడ్డాయి. గొంతు, రాగం, పేరుపొందిన పద్యం ముందుకు వచ్చాయి.

ఇదే జిల్లాకు చెందిన బుర్రకథతో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ (1920-1997) బుర్రకథను గొప్ప ప్రజాకళగా తీర్చిదిద్ది 1986లో పద్మశ్రీ పొందాడు. కాని బుర్రకథకు కథకుడు, ఇద్దరు వంతలు, ఎదురుగా కూర్చున్న జనం కావాలి. కథలోంచి ఒక ముక్కను విడదీస్తే దాని బలం తగ్గుతుంది. పద్యాన్ని విడదీసినా అది నిలబడగలదు.

అభిరుచి నిలిచిన కారణాలు

సంగీతాభిరుచి గురించి ఇతర దేశాలలో జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తాయి. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు శ్రోతలు తమ యౌవనంలో, సుమారు 23, 24 ఏళ్ళ వయసులో ప్రచారంలో ఉన్న పాటలను ఎక్కువగా ఇష్టపడుతున్నట్లు గమనించారు. ఈ లెక్కన ప్రతి తరానికి దాని సొంత సంగీతమే మిగలాలి. పద్యం దానిని పందిళ్ళలో విన్న తరంతోనే ముగిసిపోవాలి. అయితే 2013లో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ ప్రచురించిన అధ్యయనంలో యువకులకు తమ తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలపై కూడా ప్రత్యేకమైన ఇష్టం, జ్ఞాపకం ఉన్నట్లు తేలింది. ఇంట్లో పెద్దలు వినే సంగీతం పిల్లల అభిరుచిలో భాగమవుతుందని దీని సారాంశం.

తెలుగు పద్యం విషయంలో దీనికి తోడు మరి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, పద్యం బడిలో కూడా నేర్పబడుతుంది. వేమన, సుమతీ శతకాల పద్యాలు కంఠస్థం చేసిన విద్యార్థికి ఛందస్సు నడక చెవికి అలవాటై ఉంటుంది. రెండవది, యతిప్రాసల వలన పద్యం సులభంగా గుర్తుంటుంది. నటుడు పాడుతుండగా ప్రేక్షకుడు తరువాతి పాదాన్ని లోలోపల అందుకుంటాడు. అందువలన రంగస్థల పద్యంలో ఆసక్తి కథ ఏమవుతుందన్న దానిపై కాక, తెలిసిన పద్యాన్ని ఈ నటుడు ఎలా పాడతాడన్న దానిపై నిలుస్తుంది. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు శ్రీకృష్ణులు, ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు వరుసగా వేదికనెక్కే కాంట్రాక్టు నాటకాల పద్ధతి ఈ పోలిక కోసమే ఏర్పడింది.

విమర్శలు

పద్యగానంపై విమర్శ కొత్తది కాదు. సుప్రసిద్ధ నటుడు బళ్ళారి రాఘవ (1880-1946) నాటకంలో అనవసరమైన పద్యాలను, రాగాలాపనలను వ్యతిరేకించి సహజ నటనకు ప్రాధాన్యమిచ్చాడు. యుద్ధానికి సిద్ధమైన వీరుడు, బిడ్డను కోల్పోయిన తల్లి దీర్ఘంగా రాగం తీయడం పాత్రోచితం కాదని విమర్శకులు భావించారు. "వన్స్ మోర్" అనగానే చనిపోయిన పాత్ర లేచి పద్యం పాడి మళ్ళీ పడిపోవడం హాస్యానికి గురైంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో పరిషత్తు పోటీలలో వచన సాంఘిక నాటకం బలపడి, పద్యనాటకం పాతకాలపు కళగా పరిగణించబడింది.

పద్యాన్ని సమర్థించేవారి వాదన ప్రకారం, రాగం అర్థానికి అడ్డురానంత వరకు అది నటనలో భాగమే. శబ్దం స్పష్టంగా పలకక రాగం మాత్రమే తీసేవారి వలననే విమర్శ వచ్చిందని, మంచి నటుడు పాడినపుడు పద్యం సంభాషణ కంటె సూటిగా మనసుకు తాకుతుందని వారు చెబుతారు.

ప్రస్తుత స్థితి

1998లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన నంది నాటకోత్సవాలలో పద్యనాటకానికి ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. కొన్నేళ్ళ విరామం తరువాత 2023 డిసెంబరులో ఈ ఉత్సవాలు గుంటూరులో జరిగాయి. పల్లెలలో పండుగల సందర్భంగా రాయబారం, కాటి సీను వంటి ఘట్టాల ప్రదర్శనలు కొనసాగుతున్నాయి.

అయితే వినేవారు ఉండటం, పాడేవారు ఉండటం ఒకటి కాదు. రికార్డులను వినడం ద్వారా అభిరుచి నిలవగలదు గాని, నటుని శ్వాసను అనుసరించే హార్మోనిస్టు, పాత్ర మొత్తాన్ని కంఠస్థం చేసిన నటుడు, తప్పు పాడితే గుర్తించగల ప్రేక్షకుడు ప్రదర్శనల ద్వారా మాత్రమే తయారవుతారు. పేరుపొందిన పది ఇరవై పద్యాలే మళ్ళీ మళ్ళీ వినబడుతూ ఉంటే, వాటి చుట్టూ ఉన్న నాటకాలు మరుగునపడే ప్రమాదం ఉంది. నాటకం నుండి విడివడగలగడం వలననే పద్యం ఇంతకాలం నిలిచింది. ఆ నాటకాలు ఆడేవారు లేకపోతే దానికి కొత్త గొంతులు దొరకడం కష్టమవుతుంది.