ఎక్కించిన రక్తం, మిగిలిన ఇనుము

నడికుడి జంక్షన్‌ నుంచి గుంటూరుకు, సికింద్రాబాద్‌కు, మాచర్లకు రైళ్లున్నాయి. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని థలసీమియా జబ్బుతో ఇంట్లో బిడ్డ ఉంటే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించడానికి ఆ రైళ్లలో ప్రయాణం తప్పదు. హైదరాబాద్‌లో 1998లో మొదలైన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లల కోసమే పనిచేస్తోంది. ఆ రక్తమే వాళ్లకు ప్రాణం. దాంతోపాటు ఇనుమూ ఒంట్లో చేరుతుంది.

ఒక్క సంచి రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంట్లోంచి రోజుకు పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగతాది బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది కాలేయంలో, గుండెలో, క్లోమంలో పేరుకుంటుంది. తీపి ముట్టని పిల్లలకు కూడా పడుచు వయసులోనే చక్కెర జబ్బు రావడానికి ముఖ్య కారణం ఇదే.

ఇనుము చేసే హాని ఎలాంటిదంటే, వేరుశనగ గింజలు నిలవుంటే చేదెక్కుతాయి కదా, వాటి నూనె గాలి తగిలి పాడవుతుంది. మన కణాల పైపొరలోనూ అలాంటి కొవ్వులే ఉంటాయి. ప్రోటీన్ల పట్టులో ఉన్నంతసేపు ఇనుము బుద్ధిగానే ఉంటుంది. విడిగా తిరిగే ఇనుము మాత్రం ఆ కొవ్వులను పాడుచేస్తుంది. పాడైన అణువు పక్కదాన్నీ చెడగొడుతుంది. జీపీఎక్స్4 అనే ఎంజైము ఈ నష్టాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తూ ఉంటుంది. అది చాలకపోతే పొర చిల్లులు పడి కణం చచ్చిపోతుంది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డిక్సన్, స్టాక్‌వెల్ బృందం 2012లో ఈ చావుకు ఫెరాప్టోసిస్ అని పేరు పెట్టింది.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకు ఇలాంటి దెబ్బను కాచుకునే ఎంజైములు పుట్టుకతోనే తక్కువ. కెనడాలోని అల్బెర్టాలో 2018లో మనుషుల బీటా కణాల గుంపుల్లో ఈ చావును రేకెత్తించి చూశారు. ఇన్సులిన్ విడుదల తగ్గింది. ఇనుమును పట్టేసే డెస్‌ఫెరాక్సమిన్ ఇస్తే కణాలు నిలిచాయి. థలసీమియా పిల్లలకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందే అది! మామూలు మధుమేహంలో మూత్రపిండాలు దెబ్బతినడంలోనూ ఈ చావుకు పాత్ర ఉందని ఎలుకల మీద ప్రయోగాలు చెబుతున్నాయి. ఈ చావును ఆపి మనుషుల మధుమేహానికి వాడదగ్గ మందు మాత్రం ఇంకా రాలేదు.

ఇదంతా చదివి రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఐరన్ మాత్రలు మానేయకూడదు. వాళ్లది లోటు, ఈ పిల్లలది మిగులు.

మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను థలసీమియా బిడ్డ విషయంలో నమ్మలేం. ఎందుకంటే ఒంట్లో తిరిగేది చాలావరకు దాతల రక్తం. అందుకే పదేళ్లు నిండాక ఏడాదికోసారి గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూడమని డాక్టరును అడగండి.