బిగిసిన భుజం – తెర మీది బొమ్మ చెప్పని సంగతి

చేయి వెనక్కు పెట్టి జుట్టు ముడి వేసుకోవడం ఎంత చిన్న పని! అది సాగనినాడు గాని దాని విలువ తెలియదు. రెండేళ్ల క్రితం మా ఇంట ఇదే జరిగింది. మధుమేహం ఉన్న నా భార్యకు కుడి భుజం క్రమంగా బిగుసుకుపోయింది. ఆయుర్వేదం అవబాహుకమని, ఆధునిక వైద్యం ఫ్రోజెన్ షోల్డర్ అని పేర్కొనే వ్యాధి ఇది. కీలును చుట్టి ఉండే పొర మందమై, కుంచించుకుపోవడం వల్ల చేయి తిరగదు. మధుమేహులలో ఇది ఇతరులకంటె ఎక్కువగా కనిపిస్తుంది.

డాక్టరుగారు వ్యాయామం చేయించమన్నారు. సికింద్రాబాదులో మా ఇంట ఉండి ఫిజియోథెరపీ చదువుతున్న మా మేనకోడలు, "అత్తయ్యా, నేను చేయిస్తాను" అంటూ ముందుకు వచ్చింది. మూడు వారాలలో చేయి భుజం ఎత్తుకు లేచింది. అందరం సంతోషించాం. కాని జుట్టు ముడి మాత్రం పడలేదు.

తరువాత వచ్చిన అనుభవజ్ఞుడైన ఫిజియోథెరపిస్టు ఒకరు నా భార్య వీపు మీది రెక్క ఎముకను అరచేతితో కదలకుండా అదిమి, "ఇప్పుడు చేయి ఎత్తండమ్మా" అన్నారు. చేయి జానెడు కూడా లేవలేదు! అంతవరకు లేచినది కీలు కాదు, రెక్క ఎముక.

ఇందులోని రహస్యం ఇది. చేయి పూర్తిగా పైకి లేచే 180 డిగ్రీల కదలికలో సుమారు 120 డిగ్రీలు భుజపు కీలులోను, మిగిలిన 60 డిగ్రీలు రెక్క ఎముక తిరగడం వల్లను సమకూరుతాయి. కీలు బిగిసినప్పుడు రోగి తనకు తెలియకుండానే రెక్క ఎముకను ఎగదోసి చేతిని లేపుతాడు. మా మేనకోడలు చిన్నబోయి, "మావయ్యా, మొబైల్‌లో ఈ కీలును వందసార్లు తిప్పి చూశాను. ఆ బొమ్మలో రెక్క ఎముక కదలనే లేదు" అన్నది. తప్పు ఆమెది మాత్రమే కాదు, ఆమె చదువుకున్న సాధనానిది కూడా.

సుశ్రుతుని మార్గం

శాస్త్రంలో చదివినది, కంటితో చూసినది రెండూ కలిసినప్పుడే జ్ఞానం వృద్ధి చెందుతుందని సుశ్రుతుడు శారీరస్థానంలో బోధించాడు. మృతదేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేరు మొదలైన వాటి కుంచెలతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరను పరిశీలించమన్నాడు. ఆయన చెప్పిన 107 మర్మాలలో భుజానికి సంబంధించి అంసం, అంసఫలకం అని రెండు వేరువేరు మర్మాలు ఉన్నాయి. మొదటిది దెబ్బతింటే చేయి బిగుసుకుపోతుందని, రెండవది దెబ్బతింటే తిమ్మిరి లేదా కృశించడం కలుగుతుందని వివరించాడు. భుజాన్ని, రెక్క ఎముకను విడివిడిగా గమనించిన దృష్టి అది.

నేటి సాధనాలు

నేడు అంతర్జాలంలో లభించే సంపద సామాన్యమైనది కాదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఒక పురుషుని దేహాన్ని మిల్లీమీటరు మందం గల పొరలుగా చిత్రించి 1994లో, ఒక స్త్రీ దేహాన్ని అంతకంటె పలుచని పొరలుగా చిత్రించి 1995లో వెలువరించింది. 2019 నుండి వాటిని ఎవరైనా అనుమతి పత్రం లేకుండానే వాడుకోవచ్చు. 2020లో కరోనా వల్ల కళాశాలలు మూతపడినప్పుడు ఇటువంటి చిత్రాలే విద్యార్థులను ఆదుకున్నాయి. అయితే ఫిజియోథెరపిస్టు పని కత్తితో కాదు, చేతితో. కనుక అతనికి కావలసిన పాఠంలో ఈ గుణాలు ఉండాలి:

1. ఎముక ఆకారంతో పాటు దాని కదలికను చూపాలి. ఆరోగ్యవంతుని భుజం, బిగిసిన భుజం పక్కపక్కన కనిపించాలి.

2. కండలు తిరిగిన యువకుని దేహమే కాక వృద్ధుల, స్థూలకాయుల, బక్కపలుచని వారి దేహాలు కూడా ఉండాలి.

3. పేర్లు ముందే చూపక, విద్యార్థిని అడిగి, ఆ తరువాత చెప్పాలి. జ్ఞాపకం అప్పుడే నిలుస్తుంది.

4. ప్రతి పాఠం చివర, సజీవ దేహం మీద, ఆ వ్యక్తి అనుమతితో, ఆ భాగాన్ని వేళ్లతో తడిమి గుర్తించే అభ్యాసం ఉండాలి.

5. లాటిన్ పేర్ల పక్కన తెలుగు మాటలు ఉండాలి. రోగి "జబ్బ లాగుతోంది, రెట్ట పీకుతోంది" అంటాడే గాని లాటిన్‌లో బాధపడడు.

ఇంట్లో పాటించదగినవి

గోరువెచ్చని నువ్వులనూనె మృదువుగా రాసి, పది నిమిషాలు కాపడం పెట్టవచ్చు. మధుమేహులకు స్పర్శ మందగించి ఉండవచ్చు గనుక వేడిని ఇంట్లో మరొకరు చూసిన తరువాతే కాపడం పెట్టాలి. పిమ్మట ముందుకు వంగి, బాగున్న చేతిని బల్లకు ఆనించి, రెండవ చేతిని వదులుగా వేలాడదీసి గడియారపు లోలకంలా ఊపాలి. చేయి ఎత్తేటప్పుడు అద్దం ముందు నిలబడి, భుజం చెవి వైపు ఎగబాకుతున్నదేమో గమనించాలి. ఎగబాకితే అక్కడే ఆపాలి. బలవంతంగా లాగరాదు. పడినందువల్ల వచ్చిన నొప్పికి, జ్వరం, వాపుతో కూడిన నొప్పికి వైద్యుని చూడాలి. ఛాతీలో బరువు, చెమటలతో భుజం లాగితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ వ్యాధి తగ్గడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లు పడుతుంది. నా భార్యకు పదకొండు నెలలు పట్టింది. మా మేనకోడలు ఇప్పటికీ మొబైల్‌లో చదువుతూనే ఉన్నది. కాని పాఠం ముగియగానే, "అత్తయ్యా, ఒక్కసారి వీపు ఇటు తిప్పు" అంటుంది. ముడి వేసుకుంటూనే ఆమె అత్తయ్య వీపు తిప్పుతుంది.