సిండ్రెల్లా పేదపిల్ల కాదు!

సిండ్రెల్లా కథ వినని పిల్లలు ఈ రోజుల్లో మన ఇళ్లలో ఉండరేమో! ఇంగ్లిషు మీడియం చదువుల పుణ్యమా అని ఆ గాజు చెప్పు మన పల్లెల దాకా వచ్చేసింది. సండే స్కూల్లో సైతం మనం ఆ కథ చెబుతుంటాం. ఒక పేదపిల్ల కష్టాలన్నీ ఓర్పుతో భరించింది, చివరికి రాణి అయింది, మీరూ ఓర్పుగా ఉండండి అంటాం. కాని కథను నింపాదిగా చదివితే, సిండ్రెల్లా అసలు పేదింటి పిల్లే కాదని తెలుస్తుంది. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన కథలో ఆమె తండ్రి ఉన్నత వంశీకుడు. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన కథలో ఆయన ధనవంతుడు. సవతితల్లి ఆమెను బూడిదలో కూర్చోబెడితే రాకుమారుడు వచ్చి లేవదీశాడు. పోయిన అంతస్తు ఇంకా పెద్దదై తిరిగొచ్చిందే తప్ప, ఏమీ లేని ఇంటికి అంతస్తు రాలేదు. పెరో కథలో ఆ చెప్పును మొదట రాకుమార్తెలకు, తర్వాత డచెస్సులకు, ఆ తర్వాత ఆస్థానంలోని స్త్రీలకు తొడిగి చూస్తారు. వంటింట్లో అంట్లు తోమే పిల్లల వంతు ఎప్పటికొచ్చేదో!

పెరో ఈ సంగతి దాచలేదు కూడా. కథ చివర ఆయన రెండు నీతులు చేర్చాడు. అందం కన్నా సౌమ్యగుణం గొప్పదన్నది మొదటిది. మన పుస్తకాల్లోకి వచ్చింది అదొక్కటే. తెలివి, ధైర్యం, మంచి పుట్టుక ఎన్ని ఉన్నా, అండగా నిలిచే ఒక గాడ్‌ఫాదరో గాడ్‌మదరో లేకపోతే పైకి రావడానికి అవేవీ అక్కరకు రావన్నది రెండోది. మన భాషలో చెప్పాలంటే సిఫారసు! పద్నాలుగో లూయీ కొలువులో, మంత్రి కోల్బేర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన పెరోకు ఎవరు ఎలా పైకొస్తారో బాగానే తెలుసు.

మరి నిజంగా లేమిలో పుట్టినవాళ్ల కథలేవి? అవీ పెరో పుస్తకంలోనే ఉన్నాయి. కట్టెలు కొట్టుకు బతికే దంపతులకు ఏడుగురు కొడుకులు. కరవొచ్చింది. కళ్లముందే బిడ్డలు ఆకలితో చావడం చూడలేక వాళ్లను అడవిలో వదిలేసి వస్తారు. ఇది ఊహించి రాసిన కష్టం కాదు. 1693, 94 సంవత్సరాల కరవులో ఫ్రాన్సులో పది లక్షలకు పైగా జనం చనిపోయారు. ఆ తర్వాత మూడేళ్లకే ఈ పుస్తకం వచ్చింది. అందరికన్నా చిన్నవాడైన బొటనవేలంత బుడతడు రాక్షసుణ్ణి మోసగించి, అడుగుకు ఏడామడలు దాటించే బూట్లు కాజేసి అన్నలతో పాటు బయటపడతాడు. ఆ తర్వాతి ముచ్చట ఇంకా వింతగా ఉంటుంది. ఆ బూట్లతో వాడు రాజుగారి ఉత్తరాలు మోసి బాగా సంపాదించి, తండ్రికీ అన్నలకూ కొత్తగా పుట్టిన ప్రభుత్వోద్యోగాలు కొనిపెట్టాడని పెరో మరో ముగింపు కూడా చెప్పాడు. యుద్ధాల ఖర్చు కోసం రాజు కొత్త ఉద్యోగాలు సృష్టించి అమ్ముకున్న కాలమది!

పిండిమర యజమాని మూడో కొడుక్కి ఆస్తిగా ఒక పిల్లి మాత్రమే దక్కిన కథా అలాంటిదే. ఆ పిల్లి రాక్షసుడి పొలాలన్నీ తన యజమానివేనని రాజుకు అబద్ధం చెప్పి అతణ్ణి అల్లుణ్ణి చేస్తుంది. అలా చెప్పకపోతే మిమ్మల్ని కైమా కొట్టిస్తానని కోతకూలీలను బెదిరిస్తుంది కూడా. యజమాని రాజుగారి అల్లుడయ్యాక ఆ కూలీల ఊసే లేదు.

అంటే ఈ కథల్లో ఓర్చుకుని పైకొచ్చిన పిల్ల కలిగినింటి పిల్ల. నిజంగా పేదవాడైతే మోసమో, మాయబూట్లో ఉండాల్సిందే. చనిపోతూ సిండ్రెల్లా తల్లి భక్తిగా, మంచిగా ఉండమని బిడ్డకు చెప్పినట్టు గ్రిమ్ సోదరులు రాశారు. బోధకులమైన మేమంతా ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా కథ వదిలేస్తుంటాం. తండ్రి 1796లో చనిపోయి, ఆరుగురు పిల్లలతో తల్లి ఇక్కట్లు పడిన ఇంట్లో పెరిగినవాళ్లే ఆ సోదరులు. అయినా వాళ్లూ కథను కాస్త మెత్తబరిచారు. హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేద్దామన్నది 1812 పుస్తకంలో కన్నతల్లే. 1840 నాటికి ఆమె సవతితల్లి అయింది. ఆకలి కన్నతల్లిని ఎంతకు తెస్తుందో చదవడం పాఠకులకు కష్టమనుకున్నారేమో!

దాన్ని మెత్తబరచనివాడు డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. ఒడెన్సె పట్టణంలో 1805లో చెప్పులు కుట్టే ఇంట పుట్టాడు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు, తల్లి బట్టలుతికి పోషించింది. పద్నాలుగో ఏట కోపెన్‌హాగెన్ చేరిన ఆ కుర్రాణ్ణి యోనాస్ కొలిన్ అనే పెద్దమనిషి చేరదీసి, రాజుగారి సొమ్ముతో చదివించాడు. పెరో రెండో నీతి ఇక్కడ అక్షరాలా నిజమైంది! కొడుకు విదేశాల్లో ఉండగా 1833లో తల్లి ఒడెన్సెలోనే, పేదల కోసం నడిపే వసతిగృహంలో చనిపోయింది.

1845లో ఆయన అగ్గిపుల్లలమ్మే పిల్ల కథ రాశాడు. ఇందులోనూ చెప్పు పోతుంది. బండ్లకు అడ్డం తప్పుకుంటూ పరుగెత్తిన ఆ పిల్ల కాళ్ల నుంచి, తల్లివైన పెద్ద చెప్పులు జారిపోతాయి. ఒకటి దొరకదు, రెండోది ఒక కుర్రాడు ఎత్తుకుపోతాడు. ఏ రాకుమారుడూ రాడు. అది కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి. కిటికీల వెంట వెలుగు, బాతు మాంసం వేగే వాసన. ఒక్క కట్టయినా ఎవరూ కొనలేదు. ఖాళీ చేతులతో వెళితే తండ్రి కొడతాడు. గోడవార కూర్చుని పుల్ల వెనక పుల్ల గీసి వెచ్చబడుతూ, చనిపోయిన అమ్మమ్మను ఆ వెలుగులో చూస్తూ గడ్డకట్టుకుపోతుంది. అమ్మమ్మ ఆమెను దేవుని దగ్గరికి తీసుకెళ్లిందని ఆండర్సన్ రాశాడు. మాకూ ఆ నిరీక్షణ ఉంది, దాన్ని తక్కువ చేయం. కాని సమాధి కూడికల్లో మేము ఎక్కువగా చెప్పే ఆ పరలోకపు మాట, ఆ వీధిలో నడిచిపోయిన వాళ్లకు ఎంత తేలికైన ఊరటో కూడా ఆలోచించాలి. లూకా సువార్త 16వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ధనవంతుడు లాజరును తిట్టినట్టు గాని, కొట్టినట్టు గాని లేదు. లాజరు పడి ఉన్నది మాత్రం అతని వాకిట్లోనే.

ఆండర్సన్ తల్లిని చిన్నప్పుడు ఇంటివాళ్లు అడుక్కురమ్మని పంపేవారట. చేయి చాపలేక ఒకసారి రోజంతా వంతెన కింద ఏడుస్తూ కూర్చుందని ఆయన తన జీవితకథలో రాసుకున్నాడు. అగ్గిపుల్లలమ్మే పిల్ల కథ రాసేనాటికి ఆయన ఒక డ్యూక్ కోటలో అతిథిగా ఉన్నాడు. ఆ కథ అచ్చయింది, కొత్త సంవత్సరానికి ఇళ్లలో కొనుక్కునే పంచాంగంలో.