తప్పు ఫ్రీవీలుది కాకపోవచ్చు

“ఫ్రీవీలు పోయింది, కొత్తది వేయాలె.” గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా సైకిలు వెనక చక్రం కరకరమంటే మొదట వినబడే తీర్పు ఇదే. పాతది విప్పి కొత్తది బిగిస్తారు, డబ్బులిచ్చి ఇంటికొస్తాం. కొన్నాళ్లకు మళ్లీ అదే కరకర. చాలాసార్లు రోగం ఫ్రీవీలులో కాదు, దాని పక్కనే ఉన్న హబ్బులో ఉంటుంది. రెండూ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతాయి కనుక చప్పుడు దేనిదో చెవికి తేలిగ్గా దొరకదు. దొరకబుచ్చుకోవాలంటే ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలియాలి.

సైకిలు ఇరుసు తిరగదు. రెండు నట్లతో ఫ్రేముకు బిగిసి కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ హబ్బు తిరుగుతుంది, హబ్బుకు తగిలించిన పుల్లలు రిమ్మును మోస్తాయి. ఎడ్లబండికీ ఏర్పాటు దాదాపు ఇదే. కాకపోతే అక్కడ చక్రం ఇరుసుమీద రాసుకుంటూ తిరుగుతుంది, అందుకే కందెన లేకపోతే బండి ఊరంతా వినబడేలా ఏడుస్తుంది. సైకిల్లో రాపిడి స్థానంలోకి ఉక్కు గుండ్లు వచ్చాయి. హబ్బు రెండు చివర్లా రెండు కప్పులు, ఇరుసుమీద వాటికెదురుగా రెండు కోన్లు, మధ్యలో దొర్లే గుండ్లు. మన నల్ల సైకిలు వెనక హబ్బులో ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు తొమ్మిది ఉంటాయి. మనిషి బరువు, క్యారియరు మీది పల్లికాయ మూట బరువు అంతా చివరికి వాటిమీదే పడుతుంది. తొక్కినా, తొక్కకపోయినా, చక్రం తిరిగినంతసేపూ అవి దొర్లాల్సిందే.

ఫ్రీవీలు పని వేరు. దాని లోపలి భాగం హబ్బుకు మరతో బిగిసి ఉంటుంది. చైను పట్టుకునే పళ్లు బయటి భాగానికి ఉంటాయి. లోపలి భాగంలో రెండు చిన్న ఉక్కు నాలుకలు, వాటిని పైకి నెట్టే సన్నని స్ప్రింగులు. బయటి భాగం లోపలి అంచున ఒకవైపు వాలుగా, ఒకవైపు నిటారుగా కోసిన గాట్లు. ముందుకు తొక్కితే నిటారు వైపు నాలుకకు తగిలి, రెండు భాగాలూ ఒకటైపోయి చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపితే నాలుకలు వాలు వైపు జారుతూ ఒక్కో గాటులో పడి లేస్తుంటాయి. మనకు వినిపించే టిక్ టిక్ అదే. ఆ చప్పుడు ఆరోగ్యమే, రోగం కాదు.

ఆ నాలుకల మీద పడే బరువు తెలిస్తే వాటిమీద గౌరవం పెరుగుతుంది. పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 44 పళ్లు, ఫ్రీవీలుకు 18 పళ్లు, పెడలు కర్ర పొడవు 165 మిల్లీమీటర్లు అనుకుందాం. 50 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ పెడలుమీద నిలబడితే చైనుమీద దాదాపు 93 కిలోల లాగుడు పడుతుంది. నాలుకలు కేంద్రానికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాటిమీద మొత్తం దాదాపు 170 కిలోలు. అవి ఎంతున్నాయి? గోరంత. మన్ననూరు దాటి అమ్రాబాద్ వైపు ఘాట్ ఎక్కే సైకిలుకు ఈ లెక్క తొక్కు తొక్కుకూ వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్రీవీలు లోపల కూడా గుండ్లు ఉన్నాయి, అంగుళంలో ఎనిమిదో వంతువి, రెండు వరుసలుగా. అయితే అవి దొర్లేది తొక్కడం ఆపినప్పుడు మాత్రమే. తొక్కుతున్నంతసేపు లోపలా బయటా కలిసే తిరుగుతాయి కాబట్టి వాటికి దొర్లే పని లేదు. కనుక పరీక్ష కూడా సులువే. తొక్కుతున్నప్పుడూ, తొక్కడం ఆపినప్పుడూ ఒకేలా కరకరమంటుంటే అనుమానించాల్సింది హబ్బును. తొక్కడం ఆపాకే గరగర మొదలైతే అది ఫ్రీవీలు. తొక్కినప్పుడే వచ్చి ఆపగానే పోతే చైనునో, పెడలునో చూడాలి. ఇంకో పరీక్ష: సైకిలును నిలబెట్టి వెనక రిమ్మును పట్టుకుని అటూ ఇటూ నెట్టండి. చక్రం మొత్తం టకటక కదిలితే కోను వదులైంది. ఫ్రీవీలు ఒక్కటే కొద్దిగా ఊగితే కంగారు పడకండి. తిరిగేటప్పుడు కాస్త వంకరగా ఆడటం మరతో బిగించే ఫ్రీవీళ్లకు పుట్టుకతోనే ఉంటుంది, కొత్తది కొన్నా ఊగుతుంది.

గుండ్లకూ ఫ్రీవీలుకూ పుట్టుక దాదాపు ఒకటే కావడం ఒక చిత్రం. 1869లో పారిస్‌లో జూల్స్ సురిరే సైకిలుకు బాల్ బేరింగులు పెట్టడానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ ఏడాది నవంబరులో పారిస్ నుంచి రూవెన్ దాకా జరిగిన పందెంలో జేమ్స్ మూర్ గెలిచింది ఆ బేరింగులున్న బండిమీదే. అదే ఏడాది అమెరికాలో విలియమ్ వాన్ ఆండెన్ ముందు చక్రం హబ్బులో ఇలాంటి నాలుకను పెట్టి పేటెంటు పొందాడు. బేరింగులను లోకం త్వరగానే పట్టుకుంది. ఫ్రీవీలును మాత్రం దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టించుకోలేదు. అప్పటిదాకా చక్రం తిరిగితే పెడళ్లూ తిరిగేవి, పల్లంలో కాళ్లు ఎత్తి పెట్టుకోవాల్సిందే. పెడళ్లను వెనక్కి నొక్కడమే చాలామందికి బ్రేకు. 19వ శతాబ్దం చివర్లో ఫ్రీవీలు మార్కెట్లోకి వచ్చాక కాళ్లకు విశ్రాంతి దొరికింది, బ్రేకు మాత్రం విడిగా పెట్టక తప్పలేదు.

మన జిల్లాల్లో హబ్బుకు పెద్ద శత్రువు దుమ్ము. ఎండాకాలం ఎర్రచెలకల దారిలో లేచే సన్నమట్టిలో ఉండే ఇసుక రేణువులు ఉక్కును కూడా గీస్తాయి. నల్ల సైకిలు హబ్బు నడుమ నూనె పోయడానికి ఒక బొక్క, దానిమీద జరిపే చిన్న రేకు ఉంటుంది. రేకు జరిగిపోయిన సైకిళ్లు లెక్కలేనన్ని. అక్కడినుంచి మట్టి నేరుగా కోన్ల దగ్గరికి చేరుతుంది. కోను నున్నగా ఉండాల్సిన చోట చిన్న గుంటలు పడితే ఇక దాన్ని మార్చాల్సిందే.

రెండో శత్రువు నీళ్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు నేతన్నల మగ్గాలు, ఇళ్లు పోయాయి. అంత నష్టంలో సైకిలును ఎవరు తలుచుకుంటారు! అయినా వరదలో మునిగిన సైకిలుకు తుడుపు చాలదు. హబ్బు విప్పి కడగాలి. నీళ్లతోపాటు లోపలికి చేరిన ఒండ్రు గ్రీజులో కలిసి గుండ్లను అరగదీస్తుంది. వరదే రానక్కర్లేదు, కాల్వలో ఇరుసు మునిగేదాకా దింపి సైకిలు కడిగినా అంతే.

మూడోది మన చేతి నూనె. పల్లీలు పండే పాలమూరు కదా, ఇంట్లో ఉన్న పల్లీనూనె రెండు చుక్కలు వేస్తే పోలా అనిపిస్తుంది. వంటనూనెలు గాలికి చిక్కబడి జిగురవుతాయి. ఆ జిగురులో ఇరుక్కున్న నాలుక పైకి లేవదు. అప్పుడు పెడలు ముందుకూ వెనక్కూ ఉత్తగానే తిరుగుతుంది. “ఫ్రీవీలు స్లిప్పవుతుంది” అనేది ఎక్కువగా ఇలాంటి స్థితినే. గ్యాసునూనెతో కడిగి, ఆరనిచ్చి, పల్చటి మిషన్ నూనె చుక్కలు వేస్తే లేచి కూర్చునే ఫ్రీవీళ్లు ఎన్నో. వాడేసిన ఇంజన్ ఆయిలులో మసి, లోహపు పొడి ఉంటాయి, దాన్ని దగ్గరికి రానీయకండి. చిక్కటి గ్రీజు హబ్బుకు మంచిది. ఫ్రీవీలులో మాత్రం కూరవద్దు, అది కూడా నాలుకలను పట్టేస్తుంది.

ఫ్రీవీలును లోపలిదాకా విప్పే సాహసం నేనైతే వద్దంటాను. దాని మూతకు ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కున కొడితేనే ఊడుతుంది. ఊడిన మరుక్షణం డజన్లకొద్దీ చిన్న గుండ్లు నేలపాలు. హబ్బు సంగతి అలా కాదు, పానాలు రెండు ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎడమవైపు కోను విప్పి, పాత గుండ్లు తీసి, కప్పులు తుడిచి, కొత్త గ్రీజులో కొత్త గుండ్లు కూర్చాలి. ఉన్నవాటిలో నాలుగు మార్చి మిగతావి అలాగే ఉంచకండి. అరగని కొత్త గుండు కొంచెం పెద్దదిగా ఉంటుంది, బరువంతా అదే మోసి కోనును తింటుంది. తొమ్మిదికి పదోది ఇరికించకూడదు. చివరగా కోను బిగింపు: రిమ్ము ఊగకూడదు, చక్రం పట్టేయకూడదు. ఈ రెంటి మధ్య ఉన్న జాగా పావు చుట్టుకన్నా తక్కువ. మెకానిక్కు అసలు పనితనం అక్కడే తెలుస్తుంది.

పిల్లల రేంజరు సైకిళ్ల కథ కాస్త భిన్నం. ఆరు పళ్లచక్రాలున్న ఫ్రీవీలు వెడల్పుగా ఉండటంతో కుడివైపు గుండ్లు ఫ్రేముకు చాలా దూరంగా లోపలికి జరుగుతాయి. మధ్యలో ఆసరా లేని ఇరుసు గుంతల్లో వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఖరీదైన సైకిళ్లలో ఫ్రీవీలు యంత్రాంగాన్ని హబ్బులోనే కలిపి, గుండ్లను ఫ్రేము దగ్గరికి జరిపింది ఇందుకే. షిమానో కంపెనీ 1978లో తెచ్చిన ఆ పద్ధతే ఇప్పుడు గేర్ల సైకిళ్లలో రాజ్యమేలుతోంది. వనపర్తి రాజభవనంలో పెట్టిన పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే పిల్లలకు ఈ రెండు హబ్బులూ కోసి పక్కపక్కన చూపిస్తే, దూలం వంపు పాఠం బోర్డుమీద కన్నా బాగా ఎక్కుతుంది.

ఇంకొక్క మాట. తొక్కే ప్రతి తొక్కూ ఫ్రీవీలును హబ్బుకు మరింత బిగిస్తుంది. ఏళ్లు గడిచాక దాన్ని విప్పాలంటే గాట్లలో కూర్చునే రిమూవరును వైసులో బిగించి, చక్రాన్నే రెండు చేతులతో ఎడమకు తిప్పాలి. రిమ్మే అక్కడ పొడవాటి పిడి. కాబట్టి రిమ్ము మార్పించేటప్పుడు పుల్లలు కోయకముందే ఫ్రీవీలు ఊడదీయమని షాపులో చెప్పండి. పుల్లలు కోశాక హబ్బుకు పట్టు దొరకదు, బాగున్న హబ్బు, బాగున్న ఫ్రీవీలు రెండూ పాత సామాన్లకే పోతాయి.