అచ్చువేసిన పన్ను ఎంతకాలం ఉంటుంది?

మన ఇళ్ళలో పన్ను నొప్పి అంటే ముందు లవంగం, తగ్గకపోతే పీకించుకోవడం. రూట్ కెనాల్ దాకా వెళ్ళినా పైన క్యాప్ వేయించడానికి డబ్బుల్లేక ఆగిపోతాం. క్యాప్ లేని ఆ దవడ పన్నుకు పగిలే ప్రమాదం ఎక్కువ. అందుకే పాలిమర్లు చదువుతున్న మాకు త్రీడీ ప్రింటింగ్ క్యాపుల మీద ఆసక్తి కలిగింది.

దీనికి మూలమైన స్టీరియోలిథోగ్రఫీకి అమెరికాకు చెందిన చక్ హల్ 1986లో పేటెంటు పొందారు. సూత్రం తేలికే. కాంతి తగిలిన చోట ద్రవ రెసిన్ గట్టిపడుతుంది. నోటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో క్యాప్ ఆకారం గీస్తారు. యంత్రం దాన్ని 0.05 మిల్లీమీటర్ల పొరలుగా పేరుస్తుంది. 8 మిల్లీమీటర్ల ఎత్తుకు 160 పొరలన్నమాట! ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడిగి మళ్ళీ కాంతిలో ఉంచుతారు. ఈ ఆఖరి పని సరిగా జరగకపోతే గట్టిపడని రెసిన్ మిగిలి, బలం తగ్గుతుంది.

శాశ్వత క్యాపుల కోసం రెసిన్‌లో సిరామిక్ లాంటి పొడి కలుపుతారు. జర్మనీ కంపెనీ బెగో 2020లో అలాంటి రెసిన్ తెచ్చింది.

మిత్రులారా, ఆ ‘శాశ్వతం’ అన్న మాటే మాకు కొంచెం అనుమానం. యూరప్ వైద్య పరికరాల నిబంధనల్లో 30 రోజులు దాటి వాడేదంతా ‘దీర్ఘకాలికం’ కిందే లెక్క. జీవితాంతం అని కాదు. జిర్కోనియా దిమ్మను చెక్కి చేసే క్యాప్ దీనికన్నా చాలా గట్టిది. కాబట్టి వేయించుకునేటప్పుడు పదార్థం పేరు అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ప్రింటు క్యాప్‌లో ఒక సౌకర్యం ఉంది: అది విరిగినా లోపలి పన్ను మారకపోతే, దాచిన ఫైలుతోనే మరొకటి అచ్చువేయవచ్చు.